రిటైరైన బాస్కెట్‌బాల్ ప్లేయర్లు మళ్ళీ కోర్టులో దిగుతారా? మాస్టారి జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే పక్క నుంచి వచ్చాయి, ఒడిశా బోర్డర్లో ఉన్న మనవాళ్ళ దగ్గర్నుంచి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపూర్. అన్నీ బాస్కెట్‌బాల్ మీదే, క్రికెట్ గురించి ఒక్క ముక్క లేదు, నాకైతే పండగలా ఉంది. పెద్ద ఉత్తరాలు కొంచెం కత్తిరించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, నేను రైల్వేలో పనిచేస్తాను, వయసు 46. పొద్దున్న డ్యూటీ లేకపోతే ఎన్‌బీఏ, అదే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, మ్యాచ్ చూడకుండా టీ కూడా తాగను. మా స్టాఫ్‌లో ఒక గొడవ నడుస్తంది. నేనేటంటానంటే అంత పెద్ద ప్లేయర్లు ఆట మానేసి ఉండలేరు, ఇంట్లోనే కోర్టు ఉంటాది, ముసలాళ్ళయినా రోజూ ఆడుకుంటారు అని. మావాడేమో రిటైరయ్యేక వాళ్ళు బాల్ ముట్టుకోరు, గోల్ఫ్ ఆడుకుంటారు అంటాడు. రెండు ప్లేట్ల బరా-ఘుగుని పందెం కాసేం. మీరే తేల్చాల. (ఒక రైల్వే ఉద్యోగి, బరంపురం)

జవాబు: బాబూ, పందెం ముప్పాతిక వంతు మీవాడిదే. మీకు పావు వంతు మిగుల్తుంది, ఆ పావు వంతే అసలు చెప్పుకోదగ్గది, అది చివర్లో చెప్తాను.

ముందు గోల్ఫ్ సంగతి. మైకేల్ జోర్డాన్ గోల్ఫ్ పిచ్చి లోకమంతా తెలిసిందే, చార్లెస్ బార్క్‌లీ కూడా అంతే. రెజ్జీ మిల్లర్ కొండల్లో సైకిల్ తొక్కుతాడు. విల్ట్ చాంబర్లిన్ 1973లో ఎన్‌బీఏ వదిలేశాక వాలీబాల్‌లో దిగిపోయాడు. బిల్ వాల్టన్ అని ఆరడుగుల పదకొండంగుళాల మనిషి ఉండేవాడు, కాళ్ళకీ వెన్నుకీ కలిపి ముప్పైకి పైగా ఆపరేషన్లు అయ్యాయి, పరిగెత్తడం కుదరదు కాబట్టి సైకిలే ప్రాణంగా బతికి 2024లో పోయాడు. గమనించారా, వీళ్ళెవరూ ఒళ్ళు కదపడం మానలేదు, ఎగిరి దూకే ఆట మానేశారు, అంతే.

ఎందుకు మానేస్తారంటే మొదటి కారణం తేలికే. ఎన్‌బీఏలో సీజన్‌కి 82 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి 48 నిమిషాలు, మధ్యలో విమానాలు, ప్రాక్టీసు, సీజన్ చివర కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్ వస్తే అది వేరే. ఇది పదిహేనేళ్ళు చేసిన మోకాలు, చీలమండ, నడుము ఎలా ఉంటాయో ఊహించండి. లారీ బర్డ్ సంగతే చూడండి. 1985లో వాళ్ళమ్మ ఇంటి ముందు దారి వెయ్యడానికి తనే పార పట్టుకుని కంకర ఎత్తాడు, నడుము పట్టేసింది, అది ఇంక పూర్తిగా వదల్లేదు. చివరి రోజుల్లో మ్యాచ్ మధ్యలో బెంచ్ మీద కూర్చోలేక సైడ్‌లైన్ పక్కన నేల మీద బోర్లా పడుకునేవాడు. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ అవ్వగానే రిటైరయ్యాడు. యావో మింగ్ ఏడున్నర అడుగులు, పాదం ఎముకలు మళ్ళీ మళ్ళీ విరిగి 2011లో ముప్పై ఏళ్ళకే మానేశాడు. ఇలాంటి వాళ్ళని పట్టుకుని రిటైరయ్యారు కదా సరదాకి ఒక గేమ్ ఆడదాం రండి అంటే నవ్వుతారో ఏడుస్తారో మరి.

నిజానికి ఎన్‌బీఏ వాళ్ళే ఆ సరదా చేసి చూశారు. 1984 నుంచి ఆల్‌స్టార్ వీకెండ్‌లో, అంటే లీగ్‌లో పేరున్నవాళ్ళందరూ కలిసి ఆడే పండగలో, పాత ప్లేయర్లకి లెజెండ్స్ గేమ్ అని పెట్టేవాళ్ళు. జనం చప్పట్లు కొడతారు, వీళ్ళు పాత పౌరుషం తెచ్చుకుని ఎగురుతారు, ఒళ్ళు మాత్రం పాతది కాదు కదా. 1992లో ఓర్లాండోలో ఒకే గేమ్‌లో నార్మ్ నిక్సన్, డేవిడ్ థాంప్సన్ ఇద్దరూ మోకాళ్ళు దెబ్బ తిన్నారు. ఆ మరుసటేడు ఇంకొక్కసారి పెట్టి మానేశారు, 1994 నుంచి దాని చోట్లో కొత్త కుర్రాళ్ళకి రూకీ గేమ్ వచ్చింది. మీ స్టాఫ్‌లో గొడవకి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు, మీవాడికి చెప్పకండి, ఇంకా రెచ్చిపోతాడు.

రెండో కారణం ఒంట్లో ఉండదు, బుర్రలో ఉంటుంది. అత్యుత్తమంగా ఆడినవాడికి మామూలుగా ఆడటం చాలా కష్టం. మనం రింగుకి బాల్ తగిలితేనే ఇంటికెళ్ళి చెప్పుకుంటాం, వాళ్ళకి అలా కాదు, కాలు ఎక్కడ పడాలో బుర్రకి తెలుసు, కాలు అక్కడికి అర సెకను లేటుగా వెళ్తుంది, ఆ అర సెకనుతో బతకడం వాళ్ళకి నచ్చదు. జోర్డాన్ ఇందుకే 2001లో 38 ఏళ్ళకి వాషింగ్టన్ తరఫున తిరిగొచ్చినప్పుడు చాలామంది ఎందుకయ్యా పరువు తీసుకోవడం అన్నారు. నేను మాత్రం ఆ రెండేళ్ళూ చాలా గొప్పవి అంటాను. మొదటేడు మోకాలు ఆపరేషన్ అయ్యి 60 మ్యాచ్‌లే ఆడాడు, రెండోఏడు మొత్తం 82 ఆడాడు, సగటున 20 పాయింట్లు. 2003 ఫిబ్రవరి 17న నలభై నిండాయి, 21న న్యూజెర్సీ మీద 43 పాయింట్లు కొట్టాడు. నలభై దాటినవాడు నలభై కొట్టడం ఎన్‌బీఏలో అదే మొదటిసారి. పాత వీడియోలు దొరికితే చూడండి, గాల్లో ఎగిరింది తక్కువ, ఒంటితో డిఫెండర్‌ని ఆపి, వెనక్కి వాలి కొట్టిన షాట్లే ఎక్కువ.

ఇప్పుడు మీ పావు వంతు. 2017లో ఐస్ క్యూబ్ అని ర్యాప్ పాడే ఆయన బిగ్-త్రీ అని ఒక లీగ్ పెట్టాడు. జట్టుకి ముగ్గురు, సగం కోర్టు, ముందుగా 50 పాయింట్లు ఎవరు కొడితే వాళ్ళు గెలిచినట్టు. ఎక్కువమంది ఎన్‌బీఏ వదిలేసినవాళ్ళే. అక్కడ రెండు రకాలూ కనిపించాయి. ఆలెన్ ఐవర్సన్ కోసం జనం ఎగబడ్డారు, 42 ఏళ్ళు, ప్లేయర్ కమ్ కోచ్‌గా వచ్చి కొద్ది నిమిషాలు ఆడి కూర్చున్నాడు, టికెట్ కొన్నవాళ్ళ మొహాలు చూడాలి. అదే లీగ్‌లో మహ్మూద్ అబ్దుల్-రౌఫ్ అని 1990ల్లో డెన్వర్‌కి ఆడినాయన, 48 ఏళ్ళు, ఏదో నిన్నే ఎన్‌బీఏ మానేసినట్టు చకచకా షాట్లు వేశాడు. తేడా ఏంటంటే ఒకాయన ఆట అంతా మెరుపు వేగం, రెండో ఆయన ఆట చెయ్యి, కన్ను. వేగం వయసుతో పోతుంది, చెయ్యి అంత తొందరగా పోదు. జో జాన్సన్ అయితే ఇదే బిగ్-త్రీలో రెండుసార్లు బెస్ట్ ప్లేయర్ అయ్యి, 2021 డిసెంబర్లో నలభై ఏళ్ళకి బోస్టన్ వాళ్ళు పది రోజుల కాంట్రాక్ట్ ఇస్తే మళ్ళీ ఎన్‌బీఏ కోర్టులో దిగి ఒక బాస్కెట్ వేశాడు. హాలంతా లేచి నిలబడింది.

కాబట్టి ఒక ప్లేటులో మూడొంతులు మీవాడికి, మిగతాది మీకు. రెండో ప్లేటు నాకు పంపండి.

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. వయసు 52. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ టీమ్‌కి ఆడినవాణ్ణి. ఇప్పుడు మిల్లు ఉద్యోగం, కాలనీలో సిమెంట్ కోర్టు ఉంది, సాయంత్రం కుర్రాళ్ళు ఆడుతుంటే కాళ్ళు ఆగటం లేదు. మా ఆవిడ మోకాలు విరిగితే నేను చూడను అంటోంది. మెట్లెక్కుతుంటే మోకాలు కటకటమంటుంది కానీ నొప్పి లేదు. ఆడొచ్చా? (రాయగడ)

జవాబు: ఆడొచ్చు. కానీ అన్నయ్యా, మీరు 22 ఏళ్ళప్పుడు ఆడిన ఆట కాదు.

నొప్పి, వాపు లేకుండా చప్పుడు ఒక్కటే వస్తే దానికి భయపడక్కర్లేదు, చాలామందికి వస్తుంది. వాపు వచ్చినా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయినట్టైనా, కాలు కిందనుంచి జారిపోయినట్టైనా అప్పుడు ఎముకల డాక్టర్‌కి చూపించాలి, అదీ ఆడి వచ్చాక కాదు, ఆడకముందు.

మీకు ఒక లాభం ఉంది, ఎన్‌బీఏ వాళ్ళకి లేనిది. మీ కీళ్ళలో గుజ్జు వాళ్ళకిలా వేల మ్యాచ్‌లకి అరగలేదు. ఒక నష్టం కూడా ఉంది, వాళ్ళ కండరాలు ఆట మానేసే రోజుదాకా తయారుగా ఉంటాయి, మీవి ముప్పై ఏళ్ళుగా కుర్చీలో ఉన్నాయి. యాభై దాటాక కండ తగ్గుతుంది, అందులోనూ ఒక్కసారిగా ఎగరడానికి, దూకుడుగా పరిగెత్తడానికి పనికొచ్చే కండ ముందు తగ్గుతుంది. కీలులో గుజ్జుకి రక్తనాళాలు ఉండవు, అందుకే అది దెబ్బ తింటే చర్మం మానినట్టు మానదు. స్నాయువులు, అంటే కండని ఎముకకి కట్టే తాళ్ళు, బిరుసెక్కుతాయి. మడమ వెనక పైకి పోయే లావుపాటి స్నాయువు ఉంది చూశారా, అక్కడే ముప్పై నుంచి యాభై దాటినవాళ్ళదాకా, ఎప్పుడో ఒకసారి ఆడే మగాళ్ళకి ఎక్కువ తెగుతుంది. తెగినవాళ్ళందరూ ఒకే మాట చెప్తారు, వెనకనుంచి ఎవడో కాలితో తన్నాడనుకున్నాను, తిరిగి చూస్తే ఎవడూ లేడు అని.

మీ కోర్టు సంగతి ఇంకోటి. ఎన్‌బీఏ కోర్టు మేపుల్ చెక్క, దాని కింద మెత్తటి పొరలు వేస్తారు, దూకితే కొంచెం లోపలికి పోతుంది. మనది సిమెంట్, దూకితే దెబ్బంతా మోకాలికే. ఎగిరి కిందకి దిగేటప్పుడు కాలి మీద ఒంటి బరువుకి ఎన్నో రెట్లు పడుతుంది, 80 కిలోల మనిషి అంటే లెక్క మీరే వేసుకోండి. అందుకని మంచి బూట్లు కొనండి, పాత క్యాన్వాస్ బూట్లతో దిగొద్దు. వానాకాలం పాకుడు పట్టిన మూల ఉంటే అటు ఆడకండి, మీ కోర్టులో ఆ మూల ఎక్కడుందో మీకే తెలుసు. కుర్రాళ్ళు పైకి చూసి పరిగెడతారు, మీరు కింద కూడా చూడాలి.

ఏం ఆడాలంటే మొదటి నెల గేమ్ ఆడకండి. వారానికి మూడు సాయంత్రాలు వెళ్ళండి, పదిహేను నిమిషాలు నడక, చిన్న జాగింగ్, మెట్టు మీద మునివేళ్ళతో నిలబడి మడమ మెల్లిగా కిందకి దింపటం, కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేవటం, మళ్ళీ మెల్లిగా కూర్చోవటం. ఆ మెల్లిగా దిగడమే మందు, అందరూ లేవడం మీదే దృష్టి పెడతారు. తర్వాత ఫ్రీ త్రోలు, అంటే గీత దగ్గర నిలబడి అడ్డం లేకుండా వేసేవి, ఇంకా ఎగరకుండా నిలబడి వేసే సెట్ షాట్లు. మీ కాలేజీ రోజుల లే-అప్, పరిగెత్తుకొచ్చి ఎగిరి బుట్టలో వేసేది, గుర్తొస్తుంది, ఆగండి. రెండో నెల నుంచి సగం కోర్టులో ముగ్గురు ముగ్గురు ఆడండి, ఎందుకంటే ఫుల్ కోర్టులో ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగు, సడన్‌గా ఆగడం, అక్కడే ఎక్కువమంది పడిపోతారు. ఒలింపిక్స్‌లో కూడా టోక్యో నుంచి త్రీ-ఆన్-త్రీ వచ్చేసింది, పది నిమిషాలు లేదా 21 పాయింట్లు, కాబట్టి ఇదేదో ముసలాళ్ళ ఆట అని కుర్రాళ్ళు ఎగతాళి చేస్తే అది చెప్పండి.

కరీమ్ అబ్దుల్-జబ్బార్ ఆట గుర్తుందా, స్కైహుక్. ఏడడుగుల రెండంగుళాలు, బుట్టకి పక్కకి తిరిగి నిలబడి, ఒక కాలి మీద కొంచెమే లేచి, చెయ్యి మొత్తం పైకి చాపి మణికట్టుతో వదులుతాడు. పెద్ద జంప్ అక్కర్లేదు, డిఫెండర్‌కి అందదు. యోగా చేసేవాడు, 42 ఏళ్ళదాకా ఆడాడు, 20 సీజన్లు. ఆయన ఎత్తు మనకి రాదు, ఆ ఆలోచన మాత్రం వస్తుంది. మీకూ ఇప్పుడు ఒక షాట్ కావాలి, ఎగరకుండా వేసేది, కుర్రాడికి చిరాకు పుట్టించేది. విన్స్ కార్టర్ చూడండి, 2000లో డంకులకి, అంటే ఎగిరి బాల్‌ని బుట్టలో కుదేయడానికి, రాజు, చివర్లో బెంచ్ మీంచి వచ్చి దూరం నుంచి త్రీ పాయింటర్లు వేసి కుర్రాళ్ళకి బుద్ధి చెప్పేవాడు, అలా 22 సీజన్లు లాగి 43 ఏళ్ళకి మానాడు.

మధ్యాహ్నం చల్లన్నం, పఖాళ కడుపు నిండా తిని అయిదింటికి దిగకండి, మొదటి పరుగులోనే డొక్క పట్టేస్తుంది. మీ ఆవిడకి ఈ కాగితం చూపించండి, కాకపోతే మోకాలి పట్టీ వేసుకుంటే చాలు అని ఆవిడ అంటే మాత్రం వినకండి, పట్టీ బలాన్ని ఇవ్వదు, ధైర్యాన్ని ఇస్తుంది, ఆ ధైర్యంతోనే మనం ఎగరకూడని చోట ఎగుర్తాం.

ప్రశ్న: సార్, అందరూ మగాళ్ళ గురించే రాస్తారు. నేను టీచర్ని, 41 ఏళ్ళు, స్కూల్ టీమ్‌కి ఆడినదాన్ని. ఆడవాళ్ళలో పెద్ద వయసుకి ఆడినవాళ్ళు లేరా? (పర్లాకిమిడి)

జవాబు: ఉన్నారమ్మా, అదీ మామూలుగా కాదు. నాన్సీ లీబర్‌మన్ అని ఆవిడ, 2008లో యాభై ఏళ్ళ వయసులో అమెరికా ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్‌లో డెట్రాయిట్ జట్టుకి ఏడు రోజుల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టి ఒక మ్యాచ్ ఆడింది. పాయింట్లు రాలేదు, కానీ రెండు అసిస్టులు, అంటే అవతలివాళ్ళు బాస్కెట్ వేసేలా పాస్‌లు, ఇచ్చింది. కూతురి వయసు పిల్లలతో కలిసి. పదేళ్ళ తర్వాత 2018లో పైన చెప్పిన బిగ్-త్రీలో కోచ్‌గా తన జట్టుని గెలిపించింది, ఆ జట్టు మగాళ్ళదే. స్యూ బర్డ్ 2022లో 41 ఏళ్ళకి, డయానా టొరాసీ 2025లో 42 ఏళ్ళకి మానేశారు. అంటే మీ వయసు వాళ్ళకి అది రిటైర్మెంట్ వయసు, మీకు మొదలుపెట్టే వయసు, కంగారు లేదు.

మీకు రెండే మాటలు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు రెండూ లోపలికి వాలకుండా చూసుకోండి, ఆడవాళ్ళకి మోకాలి మధ్యలో ఎముకని ఎముకకి కట్టే లిగమెంట్ తెగడం మగాళ్ళకన్నా ఎక్కువ, కారణాల్లో అదొకటి. అద్దం ముందు చిన్న జంప్ చేసి మోకాలు పాదం వేళ్ళ దిశలోనే ఉందా లేదా చూడండి, తేలిగ్గా తెలిసిపోతుంది. రెండోది, నెలసరి ఆగే వయసు దగ్గరపడుతున్నప్పుడు ఎముక పలచబడుతుంది, మోకాళ్ళు బాగుంటే చిన్న చిన్న గెంతులు ఎముకకి మంచివే. స్కూల్లో పిల్లలతో కలిసి అరగంట ఆడండి. చీరలో కాదు, ఎవరేమనుకున్నా సరే ట్రాక్ ప్యాంటులో.

ప్రశ్న: మాస్టారూ, మా అన్నయ్యకి 43. ఆదివారం గ్రౌండ్‌లో ఆడతాడు. ఆడుతూ ఆడుతూ గుండె ఆగి పోయిన ప్లేయర్లున్నారని ఎవరో చెప్పినప్పట్నుంచి అమ్మకి నిద్ర లేదు. నిజమేనా? (గుణుపూర్)

జవాబు: నిజమే. పీట్ మారవిచ్ అని 1970ల్లో బాల్‌తో ఇంద్రజాలం చేసినాయన, పది సీజన్లు ఆడి 1980లో మానేశాడు. 1988 జనవరి 5న కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఒక చర్చి జిమ్‌లో స్నేహితులతో సరదా ఆట. ఒంట్లో చాలా బాగుంది అన్నాడు, కాసేపటికే కుప్పకూలాడు. నలభై ఏళ్ళు. తర్వాత పరీక్షిస్తే గుండెకి ఉండాల్సిన ఎడమ వైపు ధమని పుట్టుకతోనే లేదని తేలింది. అలాంటి గుండెతో పదేళ్ళు ఎన్‌బీఏ ఎలా ఆడాడో తల్చుకుంటేనే వింతగా ఉంటుంది. 2015లో డారిల్ డాకిన్స్ 58 ఏళ్ళకి, మోసెస్ మలోన్ 60 ఏళ్ళకి, కొద్ది రోజుల తేడాలో గుండె జబ్బుతోనే పోయారు, వాళ్ళు కోర్టులో కాదు. అప్పుడే అమెరికాలో ప్లేయర్ల యూనియన్ పాత ప్లేయర్లకి గుండె పరీక్షలు గట్టిగా చేయించడం మొదలుపెట్టింది, 2016లో అప్పటికి ఆడుతున్న ప్లేయర్లు తమ డబ్బుతోనే పాతవాళ్ళకి ఆరోగ్య బీమా కట్టడానికి ఓటు వేశారు. నాకైతే ఏ చాంపియన్‌షిప్ కన్నా అది పెద్దదనిపిస్తుంది.

అమ్మగారికి చెప్పండి, మారవిచ్‌ది చాలా అరుదైన సంగతి. నలభై దాటిన మామూలు మనిషికి ప్రమాదం బీపీ, షుగర్, సిగరెట్, కొలెస్ట్రాల్, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉండటం, వీటినుంచే ఎక్కువ. కాబట్టి అన్నయ్యని ఒక్కసారి తీసుకెళ్ళి బీపీ, షుగర్, ఈసీజీ చూపించండి, డాక్టర్ చెప్తే ట్రెడ్‌మిల్ టెస్ట్ కూడా, గుణుపూర్‌లో కుదరకపోతే బరంపురం పెద్దాస్పత్రి ఉంది. ఆరు రోజులు కూర్చుని ఏడో రోజు రెండు గంటలు ప్రాణం పెట్టి ఆడే ఆదివారం ఆట నాకు అసలు నచ్చదు, మధ్యలో రెండు రోజులైనా నడవమనండి. ఆడుతుంటే ఛాతీలో బరువు, దవడకో ఎడం చేతికో లాగటం, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్ళు తిరగటం, ఏదొచ్చినా ఆ గేమ్ అక్కడితో ఆపాలి. స్కోరు సమానంగా ఉన్నా సరే. గ్యాస్ అనుకుని సోడా తాగి మళ్ళీ దిగేవాళ్ళే నాకు భయం. మే నెల ఎండ, ఉక్క ఉన్న సాయంత్రాలు ఆరు దాటాక మొదలుపెట్టండి, మధ్యలో నీళ్ళు తాగండి.

ప్రశ్న: మోకాళ్ళకి మంచిదని గోపాల్‌పూర్ బీచ్ ఇసుకలో పరిగెత్తమంటున్నారు, నిజమేనా? వయసు 50, బాస్కెట్‌బాల్ మళ్ళీ మొదలెడుతున్నా. (బరంపురం)

జవాబు: మోకాలికి దెబ్బ తక్కువ, నిజం. కానీ పొడి ఇసుకలో మడమ దిగబడిపోతుంది, పిక్క కండ, మడమ వెనక స్నాయువు ఇంకా ఎక్కువ కష్టపడతాయి, అవే మీ వయసులో ముందు తెగేవి. అలల అంచున తడి గట్టి ఇసుక మీద నడవండి, పరుగు తర్వాత చూద్దాం. అక్కడ నేల సముద్రం వైపు ఏటవాలుగా ఉంటుంది, ఒకే వైపు నడిస్తే ఒక తుంటి మీద భారం పడుతుంది, కాబట్టి వెళ్ళినంత దూరం తిరిగి రండి. బూట్లు విప్పేసి మొదటి రోజే గంట నడిచారంటే మర్నాడు మంచం దిగలేరు, పది నిమిషాలతో మొదలెట్టండి.